నక్షత్ర గుచ్ఛముల వయో నిర్ణయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువది యైదేండ్లు నిండినవని చెప్పుటకు దస్త్రము గలదు. పశువు ప్రాయమును పండ్లు చూచి చెప్పుదురు. పుట్టుక చూచినవారును, వ్రాసి యుంచినవారును లేని నక్షత్రముల వయస్సు తెలియుట యెట్లు?

ఈ విద్యకు బందరుతో సంబంధము గలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. మదరాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడు నార్మన్ పాగ్సన్ బందరులోను, ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరులోను నిలిచి, సూర్యబింబపు అంచున లేచు జ్వాలల కాంతిని విడదీసి పరీక్షించిరి. నాటి పరిశీలనలలో కానవచ్చిన పసుపుపచ్చని గీత భూమిపై తెలిసిన యే పదార్థమునకును చెందదని పిమ్మట తేలెను. ఆ క్రొత్త పదార్థమే హీలియము. భూమిపై అది 1895లో గాని రాంసే పండితునకు చిక్కలేదు.

సూర్యుని గర్భమున ఉదజని హీలియముగా మారుటచేతనే వెలుగు పుట్టుచున్నదని తరువాత తెలిసినది. ఆ ఉదజనియే నక్షత్రమునకు మూలధనము. సూర్యునకది సుమారు 1000 కోట్ల సంవత్సరములు సరిపోవును. సూర్యునికంటె పదిరెట్లు బరువైన తార ధారాళముగా వెచ్చించి, రెండు మూడు కోట్ల సంవత్సరములలోనే దివాలా తీయును. బరువైనవి నీలముగను, తేలికవి ఎఱ్ఱగను వెలుగును.

ఒక గుచ్ఛమందలి తారలన్నియు ఇంచుమించు ఒక్కమారే పుట్టినవి. గుడివాడ ప్రాంతమున ఒకేనాడు నాట్లు పడిన కమతములో స్వల్పకాలిక రకములు ముందు కోతకు వచ్చును. ఏ రకము కోత యైనదో, ఏది యింకను చేనిపై నున్నదో చూచి, నాటి యెన్నాళ్లైనదో రైతు చెప్పగలడు. ఖగోళజ్ఞుల లెక్కయు నిట్టిదే. కృత్తికలలో నీలి తార లింకను వెలుగుచున్నవి గనుక వాని వయస్సు 10, 12 కోట్ల సంవత్సరములే. పాలపుంత చుట్టునున్న గోళాకార గుచ్ఛములలో బరువైన తారలన్నియు ఎన్నడో ముగిసినవి. వానిలో అనేకము 1200 కోట్ల సంవత్సరములు దాటినవి.

సుదూర నక్షత్రమండలములలో తారలు విడివిడిగా కానరావు. గుచ్ఛమంతయు ఒక్క వెలుగుచుక్క. కరకట్టపై నిలిచి దూరపు చేనిని చూచినట్లు రంగునుబట్టియే చెప్పవలెను. అయితే దివిసీమలో ఉప్పు తగిలిన పైరు పండకయే పసుపెక్కును గదా! అట్లే నడుమనున్న ధూళియు, తారలలో ఎక్కువగానున్న లోహములును పడుచు గుచ్ఛమును ముదుసలివలె ఎఱ్ఱగా చూపును. కావుననే అతినీలలోహితము మొదలు పరారుణము వరకు పలు కాంతులలో కొలిచి, వర్ణపటపు గీతలతో సరిచూచి, వయస్సును ఎగువ దిగువ హద్దులతో చెప్పుదురు.

1990 ప్రాంతములలో ఈ లెక్క చిక్కున పడినది. గుచ్ఛముల వయస్సు సుమారు 1500 కోట్లని తేలగా, విశ్వవ్యాకోచమునుబట్టి కొందరు విశ్వమునకే 1000 కోట్ల ప్రాంతమున లెక్కగట్టిరి. తండ్రికంటె కొడుకు పెద్దయైనట్లాయెను! శాస్త్రజ్ఞులు దేనిని దాచలేదు. రెండు లెక్కలను తిరుగదోడిరి. 1997లో హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలవలన తారల దూరములు సవరింపబడి గుచ్ఛముల వయస్సు తగ్గెను. 1998లో విశ్వవ్యాకోచము వేగము పుంజుకొనుచున్నదని తెలిసి విశ్వము వయస్సు పెరిగెను. నేడది 1380 కోట్లు, లెక్క కుదిరినది.

2024లో వెబ్ దూరదర్శినితో చూచినవారు, విశ్వము పుట్టిన 46 కోట్ల సంవత్సరములకు బయలుదేరిన కాంతిలో ఐదు గుచ్ఛములను గుర్తించిరి. అవి అప్పటికి ఐదు కోట్ల సంవత్సరములు నిండని పసికూనలని వారి యంచనా.

కార్తీకమాసమున ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తూర్పున కృత్తికలు లేచును. వానిని చూపి పిల్లలు ప్రశ్నించినప్పుడు సమాధానము వెదకుటకు ఊరిలో ఒక పుస్తకాల బీరువా యుండవలెను. దానిని కాపాడుట మనందరి విధి.