స్వర్ణ కమలం ఎవరికి?

జాతీయ చలనచిత్ర పురస్కారాల ప్రకటన దగ్గరపడితే చాలు, ఉత్తమ చిత్రానికిచ్చే స్వర్ణ కమలం ఈసారి ఎవరికన్న చర్చ మొదలవుతుంది. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని మా కుండల్‌వాడిలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ. కనుక ఏ భాషకు వచ్చినా మనదే అనుకుంటాం. రెంటికీ రాకపోతే నిరాశ కూడా రెండింతలే.

మరాఠీకి ఈ గౌరవం మొదట్లోనే దక్కింది. 1954లో తొలి రాష్ట్రపతి స్వర్ణ పతకం ఆచార్య అత్రే తీసిన 'శ్యామ్‌చీ ఆయీ' అందుకుంది. తెలుగువారు మాత్రం అరవై ఏళ్లకు పైగా కాచుకున్నారు. 'శంకరాభరణం'కు స్వర్ణ కమలం రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. అయితే అది ప్రజాదరణ పొందిన ఆరోగ్యకరమైన వినోద చిత్రంగా. 1979 సంవత్సరానికి ఉత్తమ చిత్రం హిందీ 'శోధ్'.

మన అంచనాలు ఎందుకు తప్పుతాయి? చూసిన సినిమాల్లోంచే మనం ఎంచుతాం. అక్కడ లెక్కకు వచ్చేది విడుదల తేదీ కాదు, సెన్సారు సర్టిఫికెట్టు తేదీ. చైతన్య తమ్హానే తీసిన మరాఠీ చిత్రం 'కోర్ట్'కు 2015 మార్చిలో బహుమతి ప్రకటించారు. అది థియేటర్లకు వచ్చింది ఏప్రిల్‌లో. 'కాసవ్'కు 2017 ఏప్రిల్‌లో బహుమతి, అక్టోబరులో విడుదల. చూడని బొమ్మ మీద పందెం ఎలా కాస్తాం? తన పాట విని ఒక పారిశుద్ధ్య కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడన్న నేరారోపణతో కోర్టు మెట్లెక్కే లోక్‌షాహిర్ కథ 'కోర్ట్'. షాహిర్ అంటే ఎవరో విడమరచి చెప్పనక్కరలేని ఊరు మాది. ముందే చూసి ఉంటే మావాళ్లు దానికే ఓటు వేసేవారని నా నమ్మకం.

ఈ రెంటికీ నడుమ, 2016 మార్చిలో, అందరూ చూసేసిన 'బాహుబలి' మొదటి భాగం గెలిచింది. ఉత్తమ చిత్రంగా నిలిచిన తొలి తెలుగు సినిమా అదే. రమేష్ సిప్పీ అధ్యక్షతన ఉన్న జ్యూరీ నిర్ణయమది. కోట్ల వసూళ్ల చిత్రాన్ని జ్యూరీ పట్టించుకోదని సూత్రం కట్టుకున్నవారికి అది మింగుడుపడలేదు. ఇంతకూ ఆ ఏడు ఉత్తమ దర్శకుడు రాజమౌళి కాదు, పేష్వా బాజీరావు కథను హిందీలో తీసిన సంజయ్ లీలా భన్సాలీ. ఉత్తమ చిత్రం తీసినవాడే ఉత్తమ దర్శకుడన్న లెక్క కూడా ఇలా తప్పుతూ ఉంటుంది.

పాత పేరును నమ్ముకున్నా అంతే. సానే గురూజీ కథతోనే 'శ్యామ్‌చీ ఆయీ'ని మళ్లీ తీశారు. 2025 ఆగస్టులో ప్రకటించిన పురస్కారాల్లో దానికి ఉత్తమ మరాఠీ చిత్రం, మన 'భగవంత్ కేసరి'కి ఉత్తమ తెలుగు చిత్రం దక్కాయి. ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం మాత్రం హిందీ '12త్ ఫెయిల్' పట్టుకుపోయింది.