ప్రసూతిగదిలో దీపము
(వార్షిక మహాసభయందు విద్యాశాఖ పక్షమున చదువబడిన యుపన్యాసము)

   

ఈ మహాసభయందు విద్యావిషయమునుగూర్చి నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏటేట విన్నదానినే తమకు మరల వినిపించుటకంటె, విద్యార్థిదశలో నున్నవారు పూనుకొని నెరవేర్చిన యొక సత్కార్యమును తమ ముందుంచుట మేలని మాకు తోచినది. ఆ కార్యము జరిగినది మన దేశమున గాదు, ఆఫ్రికాఖండమున. పూనుకొన్నవారు మనవారు గారు, అమెరికాదేశస్థులు. అయినను విద్యార్థివేతనములను, వసతిగృహములను, వైద్యశాలలకు పరికరములను దానము చేయుచు వచ్చిన మన పోషకులకు ఇందు ఆలోచింపదగిన సంగతి యొకటి గలదు. దానిని చివర విన్నవించెదము.

మొదట అక్కడి పరిస్థితి వినుడు. ప్రపంచారోగ్యసంస్థయు, ప్రపంచబ్యాంకును, మఱి రెండు సంస్థలును కలిసి 2023వ సంవత్సరమున ఒక నివేదికను ప్రకటించినవి. దానినిబట్టి, అల్పాదాయ దేశములలోను, వానికి పైమెట్టున నున్న దేశములలోను దాదాపు 100 కోట్లమంది ప్రజలు ఆశ్రయించు వైద్యకేంద్రములకు విద్యుచ్ఛక్తి బొత్తిగా లేకయో, ఉన్నను నమ్మదగినది కాకయో యున్నది. సహారా యెడారికి దక్షిణముననున్న ఆఫ్రికాలో నూటికి 15 కేంద్రములకు విద్యుత్తే లేదు. పెద్ద ఆస్పత్రులలో సైతము సగమింటికి మాత్రమే నిలుకడయైన విద్యుత్తు గలదు. ఇక ప్రసవసంబంధమైన కారణములచేత 2023లో లోకమున మరణించిన స్త్రీలు సుమారు 2,60,000 మంది. వారిలో నూటికి 70 మంది ఈ భూభాగమువారే. ఒక్క నైజీరియాదేశముననే నాలుగవవంతునకు మించిన మరణములు సంభవించినవి.

ఈ రెండు లెక్కలకు సంబంధమేమని యడుగవచ్చును. ప్రసవము పగటివేళ చూచుకొని రాదు. బిడ్డ పుట్టినపిదప తల్లికి రక్తము కారుచుండెనేని, అది ఎచ్చటనుండి వచ్చుచున్నదో కంటితో చూచి, చిరుగు కనుగొని కుట్టవలెను. చూపులేని చోట చేతికెంత నేర్పున్నను ప్రయోజనమేమి? బాలింతల మరణములనుగూర్చి 1994లో థాడియస్, మెయిన్ అను నిరువురు పరిశోధకులు వ్రాసిన వ్యాసము వైద్యలోకమున ప్రసిద్ధమైనది. వారు మూడు ఆలస్యములను చెప్పిరి. ఆస్పత్రికి పోవలెనని యింటివారు నిశ్చయించుకొనుటలో మొదటిది, దారిలో రెండవది, ఆస్పత్రి గుమ్మము దాటిన పిమ్మట తగిన చికిత్స యందుటలో మూడవది. మొదటి రెంటిని దాటించుటకై ప్రభుత్వములు ఎంతయో ప్రచారము చేసినవి. గర్భిణులు ఆస్పత్రికి వచ్చిరి. వచ్చిన చోట చీకటి!

ఈ మూడవ ఆలస్యమును కన్నులార చూచినవారు డాక్టరు లారా స్టేచెలుగారు. ఆమె కాలిఫోర్నియాలో పదేండ్లకు పైగా ప్రసూతివైద్యము చేసి, వెన్నుబాధచేత ఆ వృత్తిని విడువవలసివచ్చినవారు. వేఱొకరైనచో విశ్రాంతి తీసికొనియుందురు. ఆమె బర్కిలీలోని విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్రమున మరల విద్యార్థినిగా చేరిరి. నడివయస్సున పుస్తకము పట్టుటకు సిగ్గుపడువారు ఈ సంగతిని గమనింపవలెనని మా మనవి. 2008లో తన పరిశోధననిమిత్తము ఉత్తరనైజీరియాలో కడూనా రాష్ట్రమునందలి జారియా పట్టణపు ప్రభుత్వవైద్యశాలకు పోయి, బాలింతలు ఏల మరణించుచున్నారో తెలిసికొనుటకై పగలును రాత్రియు అచ్చటనే కనిపెట్టుకొని యుండిరి.

అక్కడ ఆమె చూచినదేమి? వైద్యులున్నారు, నర్సులున్నారు, పనియందు శ్రద్ధయు నున్నది. కాని విద్యుత్తు దినములో అనేక గంటలు రాదు. నర్సులు కిరసనాయిలు లాంతరు వెలుగున ప్రసవములు చేయుచుండిరి. కడుపు కోసి బిడ్డను తీయుచుండగా దీపములాఱిపోయెను. లారాగారు వెంటదెచ్చుకొన్న చేతిదీపపు వెలుగున ఆ శస్త్రచికిత్స ముగిసెను. రక్తనిధియందలి శీతలయంత్రము విద్యుత్తు లేక పనిచేయదు గనుక, రక్తము కావలసినపుడు దాతను వెదకవలెను. శస్త్రవైద్యుని రాత్రివేళ పిలిపించుటకు సాధనము లేదు. ఇన్ని లోపములకు మూలమొక్కటియే.

ఆమె భర్త హాల్ ఆరన్‌సన్‌గారు సూర్యశక్తిని వినియోగించు విధానమును బోధించు ఉపాధ్యాయుడు. భార్య వ్రాసిన సంగతులు చదివి ఆయన ఆ వైద్యశాలకు తగిన సౌరవిద్యుత్పద్ధతిని గీసిరి: శస్త్రచికిత్సగదికి, ప్రసూతిగదికి దీపములు, రక్తనిధికి శీతలయంత్రము, వైద్యులను పిలుచుటకు చేతిలో నిముడు రేడియోయంత్రములు. ద్రవ్యమునకై విశ్వవిద్యాలయమువారు విద్యార్థులకు పెట్టు నూతనయోచనల పోటీకి ఈ యోచనను పంపిరి. తొలి ప్రోత్సాహము ఆ విద్యార్థిపోటీనుండియే లభించినది.

ఇచ్చట జరిగిన యొక చిన్నసంగతి మాకు మిక్కిలి ఇష్టమైనది. పెద్దపద్ధతిని నెలకొల్పుటకు పూర్వము అచ్చటి వైద్యులకు నమూనా చూపుటకై, ప్రయాణపుపెట్టెలో నిముడునట్లు చిన్న ఫలకములను, బ్యాటరీని, దీపములను అమర్చి లారాగారు తీసికొనిపోయిరి. చూచినవారు దానిని తిరిగి పోనీయలేదు. నమూనాయే మాకు చాలును, ఇచ్చటనే యుంచిపొండనిరి. పిమ్మట చుట్టుపట్లనున్న చిన్న ఆరోగ్యకేంద్రములవారును అట్టిదే తమకును కావలెనని అడుగనారంభించిరి. పెద్దయంత్రమునకై బయలుదేరిన పని చిన్నపెట్టెగా మాఱినది. అడుగువారి మాట వినుట దాతకెంత యవసరమో ఇందువలన తెలియుచున్నది. ‘వీ కేర్ సోలార్’ అను ధర్మసంస్థ ఇట్లు పుట్టినది; ఆ పెట్టెకు ‘సోలార్ సూట్‌కేసు’ అను పేరు స్థిరపడినది.

పెట్టె యెట్లు పనిచేయునో యంత్రశాస్త్రము చదువనివారికిని బోధపడునట్లు చెప్పెదము. కప్పుమీద సౌరఫలకమును బిగింతురు. ఎండ దానిమీద పడినపుడు విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు గోడకు తగిలించిన పసుపువన్నె పెట్టెలోనికి తీగద్వారమున వచ్చి, బ్యాటరీలో నిలువయగును. అధికముగా నిండకుండను, బొత్తిగా వట్టిపోకుండను కనిపెట్టుటకు నడుమ నొక నియంత్రకమున్నది. బ్యాటరీనుండి 12 వోల్టుల విద్యుత్తు ఎల్.ఇ.డి. దీపములకు పోవును. ఇవి స్వల్పమైన శక్తితో మంచి వెలుతురు నిచ్చును గనుకనే యింత చిన్నపెట్టె రాత్రియంతయు సరిపోవుచున్నది. దీపములతోపాటు నర్సులు నొసట కట్టుకొను దీపములు, సెల్‌ఫోనులకు విద్యుత్తెక్కించు సాధనము, గర్భస్థశిశువు గుండెచప్పుడు వినిపించు యంత్రము, జ్వరము చూచు సాధనము గూడ నుండును. మొదట సీసపు బ్యాటరీలు వాడిరి. తరువాత తేలికయు, ఎక్కువకాలము మన్నునవియు నగు లిథియం బ్యాటరీలకు మాఱిరి.

ఈ సంస్థ పని నైజీరియాతో నిలువలేదు. లైబీరియాదేశమున అంతర్యుద్ధముచేత 1990లో పాడైన మౌంట్ కాఫీ జలవిద్యుత్కేంద్రము 2016 డిశెంబరువఱకు మరల నడువలేదు. పాతికేండ్లకు పైగా! ఆ దేశమునను, ఉగాండా, సియెర్రా లియోన్, జింబాబ్వే దేశములలోను ప్రతి ప్రసవమునకు వెలుగుండవలెనను సంకల్పముతో అచ్చటి ప్రభుత్వములతో గలిసి వేలకొలది కేంద్రములకు పెట్టెలను చేర్చిరి. లారాగారిని 2013లో సి.ఎన్.ఎన్. వార్తాసంస్థవారు ఆ యేటి పదిమంది వీరులలో నొకరిగా నెన్నుకొనిరి. 2015లో ఐక్యరాజ్యసమితివారి పదిలక్షల డాలర్ల శక్తిబహుమానమును, 2019లో అబుదాబీలో జాయెద్ బహుమానమును ఈ సంస్థకు లభించినవి.

ఇంతకుముందే, 2006లో, పెన్సిల్వేనియా రాష్ట్రమున స్వార్త్‌మోర్ కళాశాలలో చదువుచున్న క్యాథరిన్ కన్నింగ్‌హామ్ అను యువతి ‘పవర్ అప్ గాంబియా’ అను సంస్థను స్థాపించినది. గాంబియాదేశపు పల్లెప్రాంతమున బ్వియామ్ అను నూరిలోని వైద్యశాలకు సౌరవిద్యుత్తు సమకూర్చుట దాని మొదటి పని. డీజిలు జనరేటరు నడిచినన్నాళ్లే దీపమును నీరును గల వైద్యశాల యెట్లుండునో తాము ఊహించుకొనగలరు. టీకామందులు 2 డిగ్రీలకు 8 డిగ్రీలకు నడుమ నుండవలెను. నూనె కొనుటకు సొమ్ము చాలని రాత్రి ఆ మందులకు దిక్కెవరు? ఆ యువతి వైద్యురాలు గాదు, ధనికురాలు గాదు, కళాశాలవిద్యార్థిని. చదువు ముగిసినపిదప చేయుదమని వాయిదా వేయనిది గనుక ఆమెను పేర్కొంటిమి.

ఇప్పుడు మా మనసునకు ముఖ్యమైన సంగతికి వచ్చెదము. సూర్యుడు జీతమడుగడు, నిజమే. కాని పెట్టె అడుగును. ఉత్తరనైజీరియాలో నవంబరు మొదలు మార్చివఱకు హర్మట్టాన్ అను యెడారిగాలి వీచి, ఫలకములమీద సన్నని ధూళి పేరుకొనును. దానిని తుడుచువాడుండవలెను. బ్యాటరీ యెంత మంచిదైనను కొన్ని యేండ్లకు శక్తి తగ్గిపోవును, క్రొత్తది కొనవలెను. ఎండవేడిమిలో సీసపు బ్యాటరీ మూడునాలుగేండ్లు మన్నినచో గొప్ప. ఇరువదియైదేండ్లు పనిచేయగల ఫలకము కప్పుమీద నుండగనే, దానికింద స్వల్పమైన వెలగల వస్తువు చెడి, గది మరల చీకటియగుచున్నది. ఆఫ్రికాలో దాతలు పెట్టిపోయిన సౌరపద్ధతులు అనేకము ఇట్లే మూలబడినవి. నిలిచినవి ఏవనగా, బాగుచేయువారిని ఆ దేశమునందే తయారుచేసి, బ్యాటరీ మాఱ్చుటకు సొమ్ము ముందుగనే యేర్పఱచినవి. వీ కేర్ సోలార్‌వారు స్థానికులకు, అందు స్త్రీలకు గూడ, బిగించుటయు బాగుచేయుటయు నేర్పుటకు పెట్టెలతో సమానమైన ప్రాధాన్యమిచ్చిరి. మన దేశమున రాజస్థానములోని తిలోనియాగ్రామమందలి బేర్‌ఫుట్ కాలేజీవారు ఆఫ్రికాపల్లెలనుండి వచ్చిన, చదువురాని యమ్మలకును అవ్వలకును రంగుగుర్తులతోను చేతిసైగలతోను సౌరవిద్య నేర్పి పంపిన సంగతి మనకు గర్వకారణము.

మన దానధర్మముల తీరు తమకు తెలియనిది గాదు. గోడకు సున్నము పడకముందే దాతపేరు చెక్కిన చలువఱాయి సిద్ధమగును. ఒకానొక యూరి వైద్యశాలలో ఒక పుణ్యాత్ముడిచ్చిన ఇన్వర్టరును మేము చూచితిమి. ఱాయి తళతళలాడుచున్నది, బ్యాటరీలలో శుద్ధజలము పోయువారు లేక అవి యెండి పగిలియున్నవి. కాన్పుగదిలో నర్సు సెల్‌ఫోను దీపము పట్టుకొని పనిచేయుచున్నది. దాత కుమారుని మేమడిగితిమి. తండ్రిగారు యంత్రమిచ్చిరి గాని నీళ్లకు సొమ్మియ్యలేదనెను. ఆ మాటలో అసత్యమేమియు లేదు. నీళ్లడబ్బాపై ఎవరి పేరు చెక్కుదురు?

మన సొమ్ము మనవారికే చెందవలెను, పరదేశపు ముచ్చటలేల యని కొందఱు పెద్దలు నిన్నటి విషయనిర్ణయసభలో అభ్యంతరము చెప్పిరి. వారియెడ మాకు గౌరవము గలదు. మేము ఆఫ్రికాకు సొమ్ము పంపుడని కోరుటలేదు. మన విద్యార్థినిధియొక్క సొమ్ము ఎట్లు వ్యయపడవలెనో చెప్పుటకు ఆ విద్యార్థుల యనుభవమును తెచ్చితిమి. మఱియొక మాట: మన నిధితో వైద్యశాలలో వెలుగు పెట్టినపుడు, ఆ వెలుగున ప్రసవించు తల్లి ఏ కులమునదని అడుగు పద్ధతిని ఎవరైన తెత్తురేని, ఆ నిధికి మేము చందా వేయము. ఇది స్పష్టముగా చెప్పుచున్నాము.

కావున రేపటి సభలో ఒక తీర్మానమును ప్రవేశపెట్టెదము. సంఘము పేర ఏ వైద్యశాలకు గాని పాఠశాలకు గాని యంత్రపరికరమును దానము చేయునపుడు, దాని వెలలో నాలుగవవంతు బ్యాంకులో ప్రత్యేకముగా నుంచి, పోషణకే వినియోగింపవలెను. ఆ సొమ్ము లేనిదే దానమును అంగీకరింపరాదు. మన వసతిగృహమున యంత్రశాస్త్రము, వైద్యము చదువు విద్యార్థులను సెలవులలో ఇరువురేసి చొప్పున పల్లె ఆరోగ్యకేంద్రములకు పంపి, విద్యుత్తు ఎన్నిగంటలు వచ్చుచున్నదో, పోయినపుడు కాన్పుగదిలో దేనిని వెలిగించుచున్నారో, ఉన్న బ్యాటరీల స్థితి యెట్లున్నదో నెలదినములు వ్రాయించి, ఆ పుస్తకములను కార్యవర్గమునకు తెప్పింపవలెను. దారిఖర్చులు విద్యార్థినిధినుండి యియ్యవలెను. ఏమి కొనవలెనో ఆ పుస్తకములు చూచినపిదపనే నిర్ణయింపవలెను.

తీర్మానపు ప్రతులు కార్యాలయపు బల్లమీద నున్నవి. పోషణద్రవ్యము నాలుగవవంతు ఎక్కువయని తలంచు పోషకులు తమ సవరణలను రేపు ఉదయము తొమ్మిదిగంటలలోపల కార్యదర్శిగారికి వ్రాతమూలమున నందజేయ ప్రార్థితులు.