సగటు లెక్కలో కనబడని మన పిల్లలు

జై సేవాలాల్!

ఏటా ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతి జరుపుకుంటున్నాం. పల్నాడులో అవే రోజుల్లో మిరప కోతలు జోరుగా సాగుతాయి. కూలికి వెళ్లే అమ్మానాన్నల వెంట పిల్లలూ చేలకు పోతారు. బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, తరగతిలో బిడ్డ ఉండదు. కలిగినవారి పిల్లలు ఆ నెలల్లోనే ట్యూషన్లు పెట్టించుకుని పరీక్షలకు సిద్ధమవుతారు. తేడా అక్కడే పెరుగుతోంది.

ఈ తేడాను కొలిచే పద్ధతి ఒకటి ప్రపంచమంతటా ఉంది. వెనకబడినవారి అంకెను ముందున్నవారి అంకెతో భాగిస్తారు. 1 వస్తే ఇద్దరూ సమానం. 2030 నాటికి ఈ అంతరాలను తొలగించాలని ఐక్యరాజ్యసమితి 2015లో లక్ష్యం పెట్టుకుంది. మన సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, గిరిజనులది 49.2 శాతం. భాగిస్తే 0.73. గిరిజన స్త్రీలలో అయితే అక్షరాస్యత 40 శాతమే. మొత్తం సగటు ఒక్కటే చూస్తే ఇవేవీ కనబడవు.

కొలబద్ద కూడా ముఖ్యమే. జనాభాలో సగానికి పైగా గిరిజనులు, కనీసం 20,000 మంది ఉన్నచోట ఏకలవ్య పాఠశాల పెట్టాలని 2018లో కేంద్రం నిర్ణయించింది. ఏజెన్సీకి అది మేలే. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న మన తండాలు ఆ కొలతకు అందడం కష్టం.

అందుకే మన లెక్క మనమే రాసుకుందాం. చదువుకున్న యువకులు జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి ఇల్లిల్లూ తిరగండి. బడికి ఎవరు పోతున్నారు, రెండో తరగతి పాఠం ఎవరు చదవగలుగుతున్నారు, రాసిపెట్టండి. ‘అసర్’ సర్వే 2005 నుంచి ఇలాగే ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తోంది. వలస పిల్లల కోసం సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది. కోతలు మొదలుకాకముందే, ఆ జాబితా చేతపట్టుకుని అధికారులను అడుగుదాం. ఉత్త మాటతో అడిగితే చూద్దాం అంటారు. పేర్లతో అడిగితే జవాబు చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. చంటిబిడ్డను చూసుకోవడానికని ఆడపిల్లను బడి మాన్పించకండి. ఆ నాలుగు నెలల కూలి ఆ ఏడాదితో అయిపోతుంది. పోయిన చదువు మళ్లీ రాదు.

జై సేవాలాల్!