అలెగ్జాండ్రియా నుండి దక్కనునకు: నవ్యప్లేటో దర్శనము

ఎవరి పేర మేళ్లచెరువులో ఈ స్మారకోపన్యాసము నెలకొల్పబడినదో ఆ పండితులు ఉదయము సంస్కృతమును, సాయంకాలము ఫారసీని పాఠము చెప్పగలిగిన తరమువారు గనుక, ఆ రెండు విద్యలకును చుట్టరికము గల నవ్యప్లేటో దర్శనమునే విషయముగా ఎన్నుకొంటిని.

క్రీ.శ. 243లో రోమను చక్రవర్తి మూడవ గోర్డియను పారసీకులపై దండు వెడలినపుడు, ఆ సేన వెంట 39వ యేట నున్న తత్త్వజిజ్ఞాసు వొకడు బయలుదేరెను. అతడే ఆ దర్శనమునకు ఆద్యుడైన ప్లొటైనసు. అలెగ్జాండ్రియాలో అమ్మోనియసు సక్కాసు నొద్ద 11 ఏండ్లు శుశ్రూష చేసిన పిమ్మట, పారసీకుల తత్త్వమును, భారతీయుల తత్త్వమును నేరుగా తెలిసికొనవలెనను కోరిక అతనికి కలిగినదని శిష్యుడైన పోర్ఫిరి వ్రాసిన చరిత్రవలన తెలియుచున్నది. మరుసటి యేట చక్రవర్తి మెసపొటేమియాలో హతుడు కాగా, ప్లొటైనసు ఎట్లో ప్రాణములు దక్కించుకొని అంతియొకునకును, అచ్చటినుండి రోమునకును చేరెను. భారతదేశము చూడనే లేదు. ఆ కాలమున మనకు ఎగువ కృష్ణాతీరమందలి విజయపురిలో ఇక్ష్వాకులు ఏలుచుండిరి. నాగార్జునకొండ త్రవ్వకములలో రోమను బంగారు నాణెములును దొరకినవి. నాణెము నడచిన దారిన తత్త్వమును నడచియుండదా యని మనస్సు ఆశపడును. ఆశ వేరు, ప్రమాణము వేరు.

రోములో ప్లొటైనసు వ్రాసిన వ్యాసములను పోర్ఫిరి 54 ప్రకరణములుగా, తొమ్మిదేసి చొప్పున ఆరు భాగములుగా కూర్చెను. అదియే ‘ఎన్నియడ్సు’ అను గ్రంథము. దాని ప్రకారము సర్వమునకును మూలము ‘ఏకము’. అది ఇట్టిదని చెప్ప శక్యము కానిది, ఉనికి యను మాటకు సైతము అవ్వలిది. సూర్యునినుండి వెలుగు వెలువడినట్లు, మూలము ఇసుమంతయు తరుగకయే, దానినుండి ప్రజ్ఞయు, ప్రజ్ఞనుండి ఆత్మయు, ఆత్మనుండి ఈ దృశ్యప్రపంచమును వెలువడుచున్నవి. వెలువడినది యెల్ల మరల మూలమువైపునకే మొగము త్రిప్పును, ఆ త్రిప్పుటయే సాధన. తాను చెంత నున్న కాలమున గురువు నాలుగుమారులు ఆ ఏకమునందు లీనుడయ్యెనని పోర్ఫిరి సాక్ష్యము.

ఇందు మనకు అద్వైతము వినబడుట సహజము. ఫ్రెంచి పండితుడు ఎమీల్ బ్రెయే ప్లొటైనసుపై భారతీయ ప్రభావము కలదనెను. 1936లో మరియొక పండితుడు ఆర్మ్‌స్ట్రాంగు దానిని ఖండించెను. మన తెలుగువారైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి విడిచి ఆక్స్‌ఫర్డునకు వెళ్లిన పిదప, 1939లో వెలువరించిన ‘ఈస్టర్న్ రిలిజియన్స్ అండ్ వెస్టర్న్ థాట్’ అను గ్రంథమున ఆ ప్రభావమునకే మొగ్గుచూపిరి. వారి పాండిత్యమునకు నమస్కరించుచునే నా అభిప్రాయము చెప్పుచున్నాను: సాదృశ్యము ఋణపత్రము కాదు. శంకరులు జగత్తును అవిద్యాకల్పితమనిరి. ప్లొటైనసుకో, ఇది మూలముయొక్క నిండుదనము పొంగి వెలువడిన సుందరమైన ప్రతిబింబము. ఈ లోకమును, దాని కర్తను దూషించిన గ్నాస్టిక్కులను ఖండించుటకై అతడొక ప్రకరణమునే వ్రాసెను. మాది మీరు పుచ్చుకొంటిరని గర్వించుటకంటె, ఎవరి దారిన వారు నడచి ఇంత దగ్గరకు వచ్చిరేమి యని విస్మయపడుట మేలు.

ఈ ఊరి శంభులింగేశ్వరుని సన్నిధిని మాటలాడుచున్నాను గనుక, ఆ దర్శనచరిత్రలో మనకు మిక్కిలి పరిచితమైన వివాదమొకటి విన్నవింతును. జీవాత్మలో ఒక యంశము ఎన్నడును క్రిందికి దిగక పైలోకమునందే నిలిచియుండునని ప్లొటైనసు మతము. కావున అంతర్ముఖమైన చింతన చాలును. సిరియాదేశీయుడైన యాంబ్లికసు దీనికి ఒప్పుకొనలేదు. ఆత్మ పూర్తిగా దేహమునందు దిగినది. దిగినవాడు తన ఆలోచనచేతనే తన్ను పైకెత్తుకొనలేడు. కావున దేవతలే ఏర్పరచిన క్రియలు, ద్రవ్యములు, నామములు కావలెననెను. బలులవలన, మంత్రములవలన ఏమి ఫలమని పోర్ఫిరి ప్రశ్నలతో లేఖ వ్రాయగా, యాంబ్లికసు ఈజిప్టు పురోహితుని నోట ఒక గ్రంథమంత ప్రత్యుత్తరము చెప్పించెను. చర్య, క్రియ, యోగము, జ్ఞానము అని నాలుగు పాదములను విడదీయక నిలిపిన శైవాగమము చదివినవారికి ఈ వాదము పరాయిది కాదు. శివరాత్రి జాతరకు బండ్లు కట్టుకొని వచ్చి, లింగశిరస్సుననుండు రంధ్రమున జలమెన్నడు నింకదని నమ్మి మ్రొక్కు పల్లెవాసి యాంబ్లికసు పక్షము. ఇంట గూర్చుండి వేదాంతము చదువుకొను పండితుడు ప్లొటైనసు పక్షము. నా పక్షము అడిగితిరా, వయస్సు మీరినకొలది యాంబ్లికసువైపు ఒరుగుచున్నాను.

పశ్చిమమున జరిగినది క్లుప్తముగా చెప్పుదును. అగస్టీను ఈ దర్శన గ్రంథములను లాటినున చదివి క్రైస్తవమునకు దారి కనుగొనెను. ఏథెన్సున ప్రోక్లసు (412–485) ఈ దర్శనమును జ్యామితివలె సూత్రబద్ధము చేసెను. 529లో జస్టీనియను శాసనముచే అచ్చటి బోధన ఆగిపోగా, అచ్చటి ఆచార్యుడైన దమాస్కియసును, మరి ఆరుగురును పారసీక ప్రభువైన ఖుస్రూ ఆస్థానమున కొంతకాలము తలదాచుకొనిరి. 1492లో ఫ్లారెన్సున ‘ఎన్నియడ్సు’కు ఫిచీనో చేసిన లాటిను అనువాదము అచ్చయినది.

మనకు చేరిన దారి వేరు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో ‘ఎన్నియడ్సు’లోని కొన్ని భాగములు అరబ్బీకరింపబడి, ‘అరిస్టాటిలు దైవశాస్త్రము’ అను తప్పు పేరుతో వ్యాపించినవి. చరిత్రలో ఇంత ఫలించిన పొరపాటు మరియొకటి యుండదేమో! పేరు మారినను పదార్థము ముఖ్యముగా ప్లొటైనసుదే. ఫారాబీ, ఇబ్న్ సీనాలు ఆ వెలువడుట యను భావముపైననే తమ విశ్వవ్యవస్థను కట్టిరి. 1191లో అలెప్పోన మరణదండన పొందిన సుహ్రవర్దీ దానిని జ్యోతిర్దర్శనముగా మలచెను. 1240లో గతించిన ఇబ్న్ అరబీ బోధనలందును దాని ఛాయలు గలవు. ఆ బోధనలు సూఫీల వెంట దక్కను చేరినవి. చేరినంతనే వివాదమును తెచ్చినవి. గుల్బర్గాలో 1422లో పరమపదించిన గేసూదరాజు మహాశయుడు ఇబ్న్ అరబీని విమర్శించినవాడే.

మన ప్రాంతపు జాన్‌పహాడ్ దర్గాకు, సైదులు పేర, కులమతభేదము లేక మ్రొక్కులు చెల్లించు జనమునందు ప్లొటైనసును వెదకబోను. ఆ భక్తి ఆ నేలదే. కాని హైదరాబాదున 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అను ప్రచురణసంస్థ ఫారాబీ లఘుగ్రంథములను, 1948లో ఇబ్న్ అరబీ లఘుగ్రంథములను అరబ్బీలో అచ్చువేసి ప్రపంచమున కందించినది. ప్లొటైనసు పాదము మోపలేని దేశమున అతని వంశమువారి వాఙ్మయము ముద్రితమైనది. అలెగ్జాండ్రియా వారి ‘ఏకము’ నుండి దక్కనువరకు నడచిన గొలుసులో మన లంకె యిదియే. ప్లొటైనసు మనవద్ద నేర్చెనా యను ఊహకంటె ఇది గట్టి లంకె.

ఆంగ్లము ద్వారా చేరిన మరియొక పాయ దివ్యజ్ఞాన సమాజము. దాని స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ 1889లో ప్రకటించిన గ్రంథమున తమ సమాజపు పేరును అమ్మోనియసు శిష్యులకు ముడిపెట్టెను.

కడపట యువకులకు ఒక విన్నపము. ఈ జిల్లాలో ఉర్దూ, తెలుగు రెండును ఇంటిభాషలుగా గల కుటుంబము లెన్నియో యున్నవి. మీలో ఒకరిద్దరైనను అరబ్బీయో, గ్రీకో క్షుణ్ణముగా నేర్చి, ఈ గ్రంథములను ఆంగ్లము మీదుగా కాక మూలమునుండియే తెలుగు చేయుడు. ఆ పని చేపట్టినవారికి ఈ స్మారకనిధి నుండి సాయము చేయవలసినదిగా నిర్వాహకులను కోరుచున్నాను.