మెల్లకన్ను అదృష్టం కాదు



మెల్లకన్ను అదృష్టమని చాలామంది వదిలేస్తారు. అది పొరపాటు. కన్ను చూపిస్తుంది, చూడడం నేర్చుకునేది మెదడు. మామూలు పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన కణాల్లో సుమారు 80 శాతం రెండు కళ్లకూ స్పందిస్తాయి. అమెరికాలో హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు కంటి కండరం కోసి మెల్లకన్ను కలిగించారు. అవి పెరిగాక చూస్తే అలాంటి కణాలు 20 శాతమే ఉన్నాయని 1965లో ప్రకటించారు. రెండు కళ్లూ ఒకేసారి ఒకే వస్తువును చూడకపోవడమే కారణం.

మన పిల్లల్లోనైతే మెదడు మెల్లకంటిని పట్టించుకోవడం మానేస్తుంది, ఆ కంటి చూపు మందగిస్తుంది. ఏడేళ్లలోపు అద్దాలు, మంచి కంటికి కట్టు బాగా పనిచేస్తాయి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. నాలుగు నెలలు దాటిన బిడ్డ కన్ను పక్కకు తిరుగుతుంటే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.