మేడ్చల్ పల్లెల గుండె లెక్క

 

ఏ డాక్టరుగారి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ కూడామో, ఆయన ఏ పల్లెకు వెళ్లినా ముందు రిజిస్టరు తెమ్మనేవారు. గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బుల మీద పరిశోధించే సంస్థను నడపడమంటే ఏమిటో నన్ను మాట్లాడమన్నారు. ఆ రిజిస్టరు దగ్గరే మొదలుపెడతాను.

పేర్లు రాసుకుని ఏళ్ల తరబడి వెంట నడవడానికి పాత ఉదాహరణ ఒకటుంది. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మందిని చేర్చుకుని, రెండేళ్లకోసారి పిలిచి పరీక్షిస్తూ వచ్చారు. రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్లు గుండెపోటుకు దారితీస్తాయని గట్టిగా తేలడంలో ఆ ఊరిది పెద్ద పాత్ర. పిలిచినప్పుడల్లా జనం వచ్చారు కాబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గర అంతటి కథ ఉప్మాతో మొదలైంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలను తీసుకుంది. 15 ఊళ్లలో ప్రభుత్వ పథకం కింద గర్భిణులకు, పసిపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. దాదాపు పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లల కోసం మళ్లీ వెళ్లారు. 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ల ధమనుల్లో బిరుసు తక్కువ, ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితం నాకు ఎప్పటికీ అబ్బురమే. తల్లి కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ పసితనంలో తిన్న తిండి ఆనవాలు ఆ బిడ్డ రక్తనాళాల్లో కనిపించింది. ఏ తల్లి బిడ్డ ఎవరో, ఏ ఊరో మళ్లీ పట్టుకోగలిగారు కాబట్టే కనిపించింది.

ఈలోగా గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను ఏడాదిపాటు ఆరా తీశారు. ఇంటివాళ్లను కూర్చోబెట్టి, చివరి రోజుల్లో ఆయాసం వచ్చిందా, ఛాతీలో నొప్పి వచ్చిందా, కాళ్లు వాచాయా అని అడిగి కారణం తేల్చే పద్ధతి అది. 2004లో ముగిసిన ఆ లెక్కలో మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెజబ్బు పట్నం రోగమనే మాట ఆ తర్వాత ఎవరూ అనకూడదు.

ఇక మన మేడ్చల్. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హృద్రోగ ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ పి.ఎస్. రెడ్డి నెలకొల్పిన షేర్ ఇండియా, ఘనపూర్ మెడిసిటీ ప్రాంగణం నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి ఆరోగ్య వివరాలు నమోదు చేసే రీచ్ కార్యక్రమం నడిపింది. ఆ పునాది మీదే 2009లో లైఫ్ అధ్యయనం మొదలై 1,227 మంది యువతులను చేర్చుకుంది. గర్భం రాకముందే గానీ గర్భం తొలి నెలల్లోనే గానీ చేర్చుకుని, కాన్పు దాకా, బిడ్డ ఎదుగుదల దాకా వెంట నడవాలన్నది దాని పట్టుదల.

ఇలాంటి పనిలో కష్టం ఎక్కడో చెబుతాను. మన ఇళ్లలో తొలిచూలు కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సారె పట్టుకొచ్చి అమ్మాయిని తీసుకెళతారు. పుట్టిల్లు పక్క మండలమో పక్క జిల్లానో. ఫోను అత్తగారింట్లో భర్త దగ్గర. పురిటిరోజు బిడ్డ బరువు అందకపోతే, అంతకుముందు చేసిన పరీక్షలన్నీ సగానికి ఆగిపోతాయి. కాబట్టి అమ్మాయి చేరిన రోజునే పుట్టింటి ఊరు, అన్న పేరు, ఏ ఆసుపత్రికి పోతారో రాసుకునే కార్యకర్త కావాలి. బొడ్డుతాడు రక్తం అర్ధరాత్రి వచ్చినా చీటీ సరిగ్గా అంటించి, సీరం వేరుచేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లు కావాలి. కరెంటు పోతే జనరేటరు వెంటనే అందుకోవాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, సంస్థకు సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. విదేశీ భాగస్వామ్యం ఉంటే ఢిల్లీ నుంచి ప్రభుత్వ అనుమతి వచ్చేదాకా ఆగాలి. సంస్థను నడపడమంటే ఇదంతా.

ఇదే ప్రాంతంలో, శామీర్‌పేట వైపు తుర్కపల్లిలో, బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ లేచింది. గుండెపోటులో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను జన్యుసాంకేతిక పద్ధతిలో అక్కడి భారత్ బయోటెక్ తయారుచేసింది. గర్వించదగ్గ పని. కానీ ఆ మందు మొదటి గంటల్లో పడితేనే గుండె కండరం దక్కుతుంది. పక్క ఊళ్లో ఛాతీనొప్పిని గ్యాస్ అనుకుని తెల్లారేదాకా పడుకునే మనిషి దగ్గరికి వెళ్లాల్సింది మళ్లీ ఆశా కార్యకర్తే. కట్టెలపొయ్యి పొగతో ఊపిరితిత్తులు చెడి, వాటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, గుండె కుడిభాగం అలిసిపోయిన అవ్వ ఆయాసాన్ని ముసలితనమని వదిలేయకుండా రాసుకునేదీ ఆమే.

ఈలోగా మన పల్లెలు మారిపోయాయి. పొలాలు వెంచర్లయ్యాయి, ఇళ్లు చేతులు మారాయి, కిరాయిదారులు వచ్చారు. లైఫ్‌లో పుట్టిన మొదటి పిల్లలు ఇప్పుడు ఉప్మా ఊళ్ల పిల్లలను మళ్లీ పరీక్షించిన వయసుకు వచ్చారు. వాళ్ల ధమనులను కొలవాల్సిన సమయం ఇది. కానీ నిధి ముగిసినప్పుడల్లా ముందుగా ఇంటికి పోయేది వాళ్లను వెతికి పట్టుకోగల క్షేత్ర కార్యకర్తే. ఆ ఉద్యోగాన్ని ప్రాజెక్టు పద్దు నుంచి తీసి సంస్థ శాశ్వత పద్దులో పెట్టాలని, ఇక్కడున్న సంస్థల పెద్దలను ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాను.