పదిహేడు సి కాగితం

పట్టాలు అందుకున్న మీకూ, చేలో కూలీకి వెళ్లి మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకూ మనసారా అభినందనలు.

నరసరావుపేటలో నిలబడి 2024 మే 13 పోలింగ్ రోజును దాటేసి మాట్లాడలేను. ఆ రోజు ఇదే జిల్లా మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు పోలింగ్ కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే, ఓటు చీటీ చూపే వీవీప్యాట్‌ను ఎత్తి నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్‌కాస్టింగ్ కెమెరాకు చిక్కింది. వారం తర్వాత దేశమంతా చూసింది. కేసు కోర్టు ముందుంది, దాని మంచిచెడ్డలు కోర్టు తేలుస్తుంది. నా కళ్లలో నిలిచిపోయింది మాత్రం ఆయనకు అడ్డంగా దూసుకెళ్లిన ఒక పోలింగ్ ఏజెంటు.

యంత్రం పగిలింది గానీ ఓట్లు పోలేదు. ఓటు నిలిచేది ప్రిసైడింగ్ అధికారి బల్ల మీద ఉండే కంట్రోల్ యూనిట్‌లో. వీవీప్యాట్ చీటీ మనకు ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది.

ఇక చట్టం సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోకి ఈవీఎం వచ్చింది 1989 సవరణతోనే. బూత్ ఆక్రమణను ప్రత్యేక నేరంగా చేర్చిందీ ఆ సవరణే. శిక్ష ఏడాదికి తగ్గదు, మూడేళ్ల దాకా పడుతుంది. ప్రభుత్వోద్యోగే ఆ పని చేస్తే మూడు నుంచి ఐదేళ్లు. మీలో రేపు సర్కారు కొలువుల్లో చేరేవాళ్లు ఈ మాట మరిచిపోవద్దు.

కానీ చట్టం తనంతట తాను బూత్‌లో కూర్చోదు. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి 17సి ఫారం నింపుతారు. ఏ నంబరు యంత్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. సంతకంతో దాని నకలు ఏజెంట్ల చేతికి ఇవ్వాలి. లెక్కింపు రోజు యంత్రం చూపిన అంకె, ఆ కాగితం మీది అంకె సరిపోవాలి. ఎన్నికల భద్రతలో దీన్ని మించిన కాగితం లేదని నా నమ్మకం. దాన్ని చదవగలిగిన మనిషి ప్రతి బూత్‌లోనూ ఉండాలి. చాలా ఊళ్లలో ఆ మనిషి లేడు, భయపడి రాడు.

వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ తరఫునైనా సరే, మీ ఊరి బూత్‌లో ఏజెంటుగా కూర్చోండి. పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్, ఐదున్నరకే మొదలవుతుంది. కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూసి, చెరిపేస్తారు. తెరమీద సున్నా కనబడేదాకా కళ్లు తిప్పకండి.